ఎక్కువొచ్చిన బిళ్లలు

సెప్టెంబర్ 3, బుధవారం

ఇది నా లేత్‌ల పనులు రాసుకునే బుక్కు. లేత్ మిషను అమ్మినంక సగం కాయిదాలు ఖాళీగ మిగిలినయ్. పారేసుడెందుకని రాస్తున్న. ఎవ్వలు సదవొద్దు. స్వరాజ్యం, నువ్వు పెండ్లానివైనా సదవొద్దు. సదువుతున్నవంటె ఇగో ఒప్పుకుంటున్న, మొన్న చాయిల ఉప్పేసింది నేనే. సక్కెర డబ్బది తప్పు లేదు.

ఇయ్యాల రమాకాంత్ వచ్చిండు, గజ్వేల్‌ల ఊరు మునిగినోళ్లకు ఇచ్చిన కాలనికెల్లి బండి మీద. సంకల పేకాట బిళ్లల పెట్టె ఉన్నది. ఆరేండ్లాయె దాన్ని చూడక.

గవి ప్లాస్టిక్ బిళ్లలు గావు, మట్టియి. రమాకాంత్ దుబాయిల ఒక తెల్లదొర ఇంట్ల పనిచేసెటోడు. దొర వాళ్ల దేశం వోతుంటె పెట్టె మొత్తం వీనికే ఇచ్చిండు. గంతకుముందు మేం చింతగింజలతోని రమ్మీ ఆడుతుంటిమి. పైసలు ఎన్నడు వెట్టలె. ఓడినోడు కల్లు దెస్తడు, గంతే ఆట. బిళ్లలు వచ్చినంక మాత్రం ఒక్కొక్కడు దొర లెక్క కూసునుడు మొదలువెట్టిన్రు. ఒకదాని మీద ఒకటి వేస్తుంటె గా సప్పుడు మెత్తగ ఉండేది, ఇద్దరు ముసలోళ్లు ముచ్చట చెప్పుకున్నట్టు.

"బొమ్మలు లేచిపోయినయ్ రా భూపతి," అన్నడు రమాకాంత్. "గుర్రం తలకాయ ఉండె గద నడుమల. ఇప్పుడు చెవులే మిగిలినయ్. గవి తీసేసి మనూరి బొమ్మలు వెడదాం. దసరాకు మా ఇంట్ల ఆడుదాం."

"పాతదాని మీద కొత్తది అంటియ్, అయిపాయె."

"పైన అంటిస్తె బిళ్ల మీద బిళ్ల కూసోదు. గోరు తాకితె లేస్తది. నడుమల గుంత కొట్టి, అండ్ల కూసోవెట్టాలె. నువ్వే చెప్పినవ్ ఎన్నడో."

"లేత్ అమ్మిన."

"ఎనకరూంల డ్రిల్లు మిషను ఉన్నది గద. దాన్ని ఏంజేస్తున్నవ్, పూజ చేస్తున్నవా?"

ఊరు ప్రాజెక్టు నీళ్ల కిందికి వోయింది. బిళ్లల మీదనన్న ఉంటది అన్నడు. కాదననీకి నోరు రాలె.

బండి ఎక్కినంక అన్నడు, "నర్సన్నను గూడ పిలుస్తున్న. ఆట ఇడిసిపెట్టినోడు, ఈసారి వస్త అన్నడు."

నేను వంగి వాని టైరు ఒత్తి చూసిన. "గాలి తక్కువున్నది రా," అన్న. గాలి మంచిగనే ఉండె.

సెప్టెంబర్ 4

పెట్టెల మూడు నూర్లు ఉండాలె. ఎరుపు నూరు, నలుపు నూరు, పచ్చ నూరు. రెండుసార్లు లెక్కవెట్టిన. రెండుసార్లు మూడు నూర్ల పదకొండు వచ్చినయ్.

నా సదువు ఏడో తరగతి. సారు కుర్సీ కాలు ఆకురాయితోని సగం కోసిన. ఆయన కింద పడ్డడు, నేను బడి బయట పడ్డ. గందుకే లెక్కలు రావు.

సెప్టెంబర్ 7, ఆదివారం

బిళ్లను వట్టుకునేటందుకు నైలాన్ ముక్కల గిన్నె లెక్క చేసిన. అండ్ల బిళ్ల కూసుంటది, కదలదు. విరిగిన డ్రిల్లు బిట్టు మొన కొట్టేసి సాపుగ సానవట్టిన. అది దిగితె అడుగు సమానంగ గుండ్రటి గుంత పడుతది. స్టిక్కరు కాయిదం ఎంత మందం ఉంటదో గంతే దిగాలె. వెంట్రుకంత తక్కువైతె బొమ్మ పైకి లేస్తది. ఎక్కువైతె బిళ్ల పల్సబడి పగులుతది. మూడు పగిలినయ్ పొద్దుగాల. బొమ్మ రెండు దిక్కుల రావాలె గాబట్టి ఒక్కొక్క బిళ్లకు రెండు గుంతలు.

ఇంకోటి తెలిసింది. బిళ్లలన్ని ఒక్క మందం ఉండవు. కిందికెల్లి కొలిస్తె ఒకదానికి లోతు ఎక్కువ, ఒకదానికి తక్కువ వస్తుంది. పై మొఖం కాడికెల్లి కొలవాలె. అంటె మనిషిని కొలిచినట్టే, పునాది ఎవ్వడు చూస్తడు.

మిషను మెల్లగ తిప్పాలె. గడబిడ చేస్తె కాలిన వాసన వస్తది. నల్ల బిళ్లకు నల్ల పొడి, పచ్చ బిళ్లకు పచ్చ పొడి. లోపల బయట ఒక్కటే రంగు. దొరలు చేసింది గదా.

స్వరాజ్యం వచ్చి ముక్కుకు కొంగు అడ్డం వెట్టుకొని నిలవడ్డది.

"మొఖమంత పచ్చగైంది. ఎవన్ని ఆటవట్టిచ్చేటందుకు?"

"ఎవన్ని గాదు. పని."

"నువ్వు పని అన్నప్పుడే నాకు భయమైతది," అని పోయింది.

సెప్టెంబర్ 9

చేర్యాలకు పోయొచ్చిన బస్సుల. అక్కడ ప్రసూనమ్మ అని బొమ్మలేసేటామె. వాళ్ల మామకు నేను లేత్ మీద ఒక పెట్టెకు కాళ్లు చేసిచ్చిన ఎన్నడో. ఐదు బొమ్మలు కావాలన్న. గిర్నీ, రేకుల బడి, బోరింగు, కల్లు మండువ, బస్సు షెల్టరు. పెద్దగ వేసిస్తె ఫ్లెక్సీ షాపుల చిన్నగ చేసి గుండ్రగ కొడుతరు.

ఆమె అడుగుకుంట గీసింది. బోరింగు కట్టె ఏ దిక్కుండె? గిర్నీ తలుపు ఒక రెక్కనా రెండా? నేను చెప్తనే ఉన్న. బోరింగు కాడ నేను చిన్నప్పుడు కట్టెకు గ్రీజు పూసిన ముచ్చట, గిర్నీల జొన్నపిండి మొఖానికి పూసుకొని దయ్యమని మల్లయ్య తాతను ఉరికిచ్చిన ముచ్చట. ఆమె నవ్వుకుంట బొమ్మల తాతను గూడ వేసింది, ధోతి ఎగవట్టుకొని ఉరుకుతున్నట్టు.

షెల్టరు కాడ ఆగింది. "రంగు ఏందన్నా?"

నలభై ఏండ్లు గా షెల్టర్లనే కూసున్న. గుర్తుకు రాలె. తెలుపా? రమాకాంత్‌కు ఫోన్ చేసిన, వానికి గూడ గుర్తు లేదు. "నర్సన్నకే ఎరుక," అన్నడు.

అవు. ఊర్ల ఏ గోడకు ఏ రంగో గాయినకే ఎరుక.

సెప్టెంబర్ 10

నర్సన్నకు ఫోన్ చేసిన. నా నంబరు తోని గాదు, స్వరాజ్యం నంబరు తోని. ముక్కు వట్టుకున్న.

"హలో, వెంకటనర్సయ్య గారేనా అండి? నేను హైదరాబాదు నుండి ప్రొఫెసరునండి. మునిగిపోయిన ఊర్ల మీద పుస్తకం రాస్తున్నానండి. మీ ఊరి బస్సు షెల్టరు రంగు ఏమిటండి?"

టీవీ సప్పుడొక్కటే వినవడ్డది.

"మూడు దిక్కుల సిమెంటే," అన్నడు. "లోపటి గోడ నీలం. ఎవరో ఎలచ్చన్లప్పుడు వేసిన్రు, సగం వేసి రంగు అయిపోతె ఇడిసిపెట్టిన్రు. సగం నీలం."

"థాంక్సండి."

"భూపతిగా, ముక్కు ఇడువు. ఊపిరాడక చస్తవ్."

పెట్టేసిండు.

సెప్టెంబర్ 11

భూపతిగా అన్నడు. గా అన్నడు.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఇయ్యాల ఎర్ర బిళ్లలు మొదలువెట్టిన. ఇరవై, ముప్పై, మంచిగ వస్తున్నయ్, ఎర్ర పొడి పడుతున్నది. ముప్పై నాలుగోది వెట్టి చెయ్యి దించిన. తెల్ల పొడి వచ్చింది.

మిషను బంద్ చేసిన.

సెప్టెంబర్ 15

మిషను ఖరాబైంది. పని బంద్.

సెప్టెంబర్ 16

మిషను ఖరాబేం గాలె.

ఎర్రయి అన్ని పక్కకు తీసి అంచును గోరుతోని గీకిన. పదకొండిటికి రంగు ఊడింది. లోపల లప్పం, గోడకు పూసేది. నేను గోలీ మందు సీస మూతల పోసి, ఎండవెట్టి, ఆకురాయితోని రాకి, స్వరాజ్యం గోళ్లరంగు పూసిన. గుర్రం తలకాయ రంగుల జిరాక్సు తీసి అంటిచ్చిన. మంచి పనితనం. ఆరేండ్లాయె, ఒక్కడన్న కనిపెట్టలె.

గవి నేను ఆ దినమే చెర్ల పారేసిన అనుకున్న. నిజంగనే అనుకున్న. పారేసినట్టు యాదికి గూడ ఉండె, నీళ్ల పడ్డ సప్పుడుతోని సహా.

సెప్టెంబర్ 18

రాయాలె. ఎవ్వలు సదివేది లేదు గదా.

ఊర్ల ఆఖరి దసరా. నోటీసులు వచ్చినయ్, సామాను కట్టుకుంటున్నరు. మేం నలుగురం గిర్నీ అరుగు మీద కూసున్నం. నేను, నర్సన్న, రమాకాంత్, భివండి కెల్లి వచ్చిన ఓంప్రకాశ్. షెల్టరు పక్కపొంటి ఊరి పేరు బోర్డు ఉండె, పచ్చ రేకు మీద నల్ల అచ్చరాలు. అది అప్పటికే ఊడదీసి పెట్టిన్రు. గెలిచినోడు బోర్డు తీస్కపోవాలె అనుకున్నం. కల్లు గాదు ఈసారి, ఊరు.

పెట్టె ఎప్పుడు నర్సన్న కాడనే ఉండేది. లెక్క ఆయనదే. అలాద ఇరవై ఎర్రయి గూడ ఆయన ఇంట్లనే బట్టల మూటగట్టి ఉండె, ఏదన్న పగిలితె పనికొస్తయని.

నేను నడుమల నడుమల నా పదకొండు దొంగబిళ్లలు నర్సన్న కుప్పల కలిపిన. ఆఖరుకు లెక్కవెడితె ఎక్కువొస్తయ్, పెద్దమనిషి నెత్తి గోక్కుంటడు, అప్పుడు చెప్పి నవ్వుదామని. గంతే. అమ్మతోడు గంతే.

నర్సన్నకు నూట యాభై ఒక్కటి. నాకు ఎనభై ఎనిమిది. అందరియి కలిపితె మూడు నూర్ల పదకొండు.

రమాకాంత్ నవ్వుకుంటనే అన్నడు, "ఏందన్నా, ఇంట్ల మూట ఇప్పుకొని వచ్చినవా?"

నర్సన్న నవ్వలె. "ఇంటికి రాండ్రి. మూటల ఇరవై ఉన్నయో లేవో సూడుండ్రి."

ఎవ్వలు లేవలె. పోయి చూసుడంటె అనుమానపడ్డట్టే. పోకుంట ఉంటె నమ్మినట్టు అని మేమనుకున్నం. ఆయనకు అట్ల అనిపియ్యలె. ఒక్కొక్కని మొఖం చూసిండు. నా మొఖం గూడ చూసిండు. నా నోట్ల మాట తయారుగనే ఉండె. ఇంకో నిమిషం ఆగి చెప్తె ఇంక నవ్వొస్తది అనుకున్న.

ఆయన లేచి పోయిండు. పెట్టె ఇడిసిపెట్టి, బోర్డు ఇడిసిపెట్టి.

పెట్టె రమాకాంత్ తీస్కపోయిండు. బోర్డు గెలిచినోడు ఇడిసిపెడితె రెండోవానికి అన్నరు. రెండోవాన్ని నేను.

బోర్డు ఎనకరూంల ఉన్నది. డ్రిల్లు మిషను ఎనక, తాట్‌పత్రి కింద. నేను రోజు దానికి వీపు వెట్టి పనిచేస్తున్న.

నూట యాభై ఒక్కట్ల పదకొండు తీసేస్తె నూట నలభై. అయినా ఆయనే గెలిచిండు. గీ లెక్క నాకు మంచిగనే వస్తది.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. స్వరాజ్యం వాకిట్ల కూసొని తంగేడు పేరుస్తుంది. నేను పోయి పక్కన కూసున్న. ఊకె కూసోను గదా నేను, ఆమెకు అనుమానం వచ్చింది.

"ఏం పాడు చేసినవ్?"

"ఏం లేదు. గునుగు పూలకు రంగు మంచిగ పట్టిందా అని."

"రంగు ముచ్చట నువ్వు చెప్పకు. నా గోళ్లరంగు సీస ఏడవోయిందో నాకు తెల్వదనుకున్నవా?"

పువ్వు చేతులనే ఉండిపోయింది.

"ఆరేండ్ల సంది ఎరుకనా నీకు?"

"ఇంట్ల ఎర్రరంగు వోయింది, గా వారమే గిర్నీ కాడ ఎర్ర బిళ్లలు ఎక్కువొచ్చినయ్. నేను గూడ ఏడు సదివిన." బతుకమ్మ తిప్పుకుంట అన్నది, "చెప్తవని చూసిన. రామవ్వ పోయినప్పుడు చెప్తవనుకున్న."

రామవ్వ నర్సన్న భార్య. కాలనికి వోయిన ఏడాదికే పోయింది. నేను దినాలకు పోయిన. కాలని కమాను దాక పోయిన. కడుపు నొస్తుందని తిరిగొచ్చిన.

"నువ్వు చెప్పొచ్చు గద," అన్న.

"నీ తప్పు నేను చెప్తె అది చాడీ అయితది. తంగేడు ఇట్లియ్యి."

సెప్టెంబర్ 27

స్టిక్కర్లు వచ్చినయ్. మూడు నూర్ల బిళ్లలల్ల కూసోవెట్టిన. పగిలిన మూడిటికి ఫెవిక్విక్ వెట్టిన. బొటనేలితోని నిమిరితె అంచు తాకది. నేల మీద దుప్పటేసి అన్ని పరిచిన. ఇటు దిక్కు గిర్నీ, అటు దిక్కు బడి. మండువ కాడ ముంతలు. మల్లయ్య తాత ఉరుకుతనే ఉన్నడు, అరవై బిళ్లల మీద. షెల్టరు లోపటి గోడ సగం నీలం.

ఒక్కొక్కటి తీసి చూసుకుంట కూసున్న. అన్నం తినుడు మర్చిపోయిన. ఊరంత ఒక దుప్పటి మీద వట్టింది.

పదకొండు మాత్రం అలాద డబ్బల వెట్టిన. గుంతలు కొట్టిన గని బొమ్మలు వెట్టలె. చుట్టూర ఎరుపు, నడుమల తెలుపు.

అక్టోబర్ 1

రేపు ఎట్ల చెప్పాలె అని మూడు తీర్ల అనుకున్న. ఒకటి, సర్కస్ మాస్టరు లెక్క. రెండు, ప్రొఫెసరు లెక్క ముక్కు వట్టుకొని. మూడోది మంచిగ వచ్చింది, నాకే నవ్వొచ్చింది.

అక్టోబర్ 3, శుక్రవారం

నిన్న దసరా. గాంధి జయంతి గూడ నిన్ననే వడ్డది. మటన్ బంద్, మందు బంద్. రమాకాంత్ ఇంట్ల సొరకాయ కూర, గారెలు. "భివండికెల్లి పన్నెండు గంటలు కూసొని వచ్చింది సొరకాయకా?" అన్నడు ఓంప్రకాశ్.

బోర్డుకు దుప్పటి చుట్టి ఆటో మీద కట్టిచ్చిన. ఆటోవాడు అడిగిండు, "ఏందన్నా, శవమా?"

"ఊరు," అన్న. వాడు మల్ల మాట్లాడలె గజ్వేల్ దాక.

నర్సన్న గోడకు ఆనుకొని కూసున్నడు. జుట్టంత తెల్లగైంది. నా దిక్కు చూడలె. బిళ్లలు చేతులు మారుతుంటె షెల్టరు బొమ్మ ఉన్నది తీసుకొని మొఖం కాడికి తెచ్చుకున్నడు. "నీలం సరిగ్గనే వడ్డది," అన్నడు, రమాకాంత్‌తోని.

ఇగ నేను డబ్బ తీసి పదకొండు సాప మీద కుమ్మరిచ్చిన. మూడు తీర్లల్ల ఒక్కటి గూడ నోటికి రాలె.

"ఇవి నేను చేసిన. లప్పం తోని. గా దినం నర్సన్న కుప్పల నేనే కలిపిన. నర్సన్న మూట ఇప్పలె, ఏం తేలె. చెప్పుదామనుకున్న, చెప్పలె. బోర్డు తీసుకున్న."

ఓంప్రకాశ్ సగం నవ్విండు. నేనేం మాట్లాడినా నవ్వుడు అలవాటు గదా వాళ్లకు. తర్వాత ఆగిండు. రమాకాంత్ నెత్తి వట్టుకున్నడు. "ఆరేండ్లురా," అన్నడు. "నేనన్న మాట అది. నా నోటితోని అనిపిచ్చినవ్. ఆరేండ్లు."

నర్సన్న లేచిండు. కొడుతడనుకున్న. కొడితె మంచిగుండు అనుకున్న.

"నడువ్," అన్నడు.

ఆయన ఇల్లు రెండు గల్లీలు అవుతల. లోపటి రూంల రామవ్వ ఫోటో ఉన్నది, బంతిపూల దండ వేసి. బీరువా తీసి ఒక మూట నా చేతుల వెట్టిండు. ముడి గట్టిగ ఉండె. ఎన్నడు ఇప్పినట్టు లేదు.

"ఇప్పు. లెక్కవెట్టు. పైకి."

ఒకటి, రెండు. గుర్రం తలకాయలు కొత్తగనే ఉన్నయ్ వాటి మీద. ఇరవై.

"మల్ల వెట్టు. రామవ్వ దిక్కు చూసి వెట్టు."

నేను ఆయన మొఖం చూసిన.

"నాకు గాదు," అన్నడు నర్సన్న. "నాకు ఎరుక నేను తీయలేదని. అది అడిగింది ఒకసారి. దవాఖానల మంచం మీద ఉన్నప్పుడు. 'నిజం చెప్పయ్యా, తీసినవా' అన్నది. తీయలేదన్న. సరే అన్నది. నమ్మి అన్నదో, నా మనసు నొస్తదని అన్నదో, నాకు తెల్వదు. ఇగ ఎన్నటికి తెల్వది."

ఫోటో ముంగట నిలవడి మల్ల లెక్కవెట్టిన. పన్నెండు కాడ లెక్క తప్పింది, మల్ల ఒకటి కాడికెల్లి మొదలువెట్టిన. ఇరవై. "వదినె, నర్సన్న తీయలె. నేను చేసిన," అన్న.

మాఫ్ చేసిన అని ఆయన అనలె. నేను అడగలె.

వచ్చినంక ఆటో మీదికెల్లి బోర్డు ఆయనే దించుకున్నడు. ఓంప్రకాశ్ అన్నడు, "మల్ల ఆడి గెలిచి తీస్కపోరాదే అన్నా, మజా ఉంటది."

"గెలిచిందే గద. ఎన్నిసార్లు గెలవాలె?" అన్నడు నర్సన్న. భుజం మీది తువ్వాలతోని దుమ్ము తుడిచిండు, ఒక్కొక్క అచ్చరం.

తర్వాత ఆడినం. పెట్టె ఆయన ముంగటనే వెట్టుకున్నడు. ఆట ముందు లెక్కవెట్టిండు, ఆట అయినంక లెక్కవెట్టిండు. మూడు నూర్లు. సాయంత్రం నర్సన్న జమ్మి ఆకు తెచ్చి, బంగారమని అందరి చేతులల్ల వెట్టి, గుండెకద్దుకొని అలాయి బలాయి తీసుకున్నడు. నా కాడికి రాలె. నేను చూడనట్టు పెట్టె మూత తుడిచిన. ముక్క లేకుంట వోయింది దసరా అని నవ్విచ్చిన అందరిని. నర్సన్న ఒక్కడు నవ్వలె.

ఇయ్యాల పొద్దుగాల లేచి, సాప మీదికెల్లి ఏరి తెచ్చుకున్న డబ్బల బిళ్లలు లెక్కవెట్టిన, పారేద్దామని, ఈసారి నిజంగ. పది వచ్చినయ్. మల్ల వెట్టిన. పదే.

వాకిట్లకెల్లి స్వరాజ్యం పిలిచింది, బట్టలు నానవెట్టుకుంట. "ఏమయ్యా, అంగి జేబుల ఇదేంది?"

పదకొండోది. తెల్ల గుంతల జమ్మి ఆకు, చిన్న రెమ్మ, సొరకాయ కూరల అన్నం మెతుకుతోని అంటిచ్చి ఉన్నది. అంచు తాకకుంట సరిగ్గ కూసున్నది.

నర్సన్న ఎప్పుడు వెట్టిండో తెల్వది. ఇంతకాలం మందిని ఆటవట్టిచ్చినోన్ని, నా జేబుల చెయ్యి వెడితె నాకే తెలియలె.

స్వరాజ్యం, ఇది సదువుతున్నవంటె, గా అంగి ఇయ్యాల ఉతకకు.